మా పేరు చెప్పి మా నోరు కట్టొద్దు

పోయిన నెలలో ఒక జిల్లా కేంద్రంలో మహిళా సంఘాల సమావేశం జరిగింది. సాయంత్రం అందరూ బస్సులకు లేవబోతుండగా ఒక తీర్మానం చేతులు మారుతూ నా దగ్గరకు వచ్చింది. సోషల్ మీడియాలో స్త్రీలను కించపరిచే, అసభ్యమైన, అభ్యంతరకరమైన రాతలనూ బొమ్మలనూ అరికట్టడానికి ఇంకా కఠినమైన చట్టం తేవాలని ప్రభుత్వాన్ని కోరే తీర్మానం అది. అప్పటికే 17 సంఘాల వాళ్లు సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. కొందరికి కోపం వచ్చింది. కొందరు బాధపడ్డారు. ఎందుకు పెట్టలేదో ఆ హడావిడిలో సరిగా చెప్పలేకపోయాను. సర్దుకుని చెప్పడానికి ఈసారి సంపాదకీయం పేజీలు వాడుకుంటున్నాను.

ఆ తీర్మానం గాల్లోంచి పుట్టలేదు. దాని వెనక ఒక అమ్మాయి ఉంది. వయసు 24. ఒక స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర కార్యకర్త. పదో తరగతి పిల్లకు చేస్తున్న పెళ్లి ఒకటి ఆపించింది. వారం తిరక్కుండా ఆమె ముఖాన్ని ఎవరిదో నగ్న శరీరానికి అతికించిన బొమ్మ ఆ మండలంలో వాట్సాప్ గ్రూపులన్నిటా తిరిగింది. బొమ్మ కింద ఆమె ఫోన్ నంబరు. రాత్రీ పగలూ ఫోన్లు. పోలీసు స్టేషన్‌కు వెళితే, అసలు నీ ఫొటో ఫోన్లో ఎందుకు పెట్టుకున్నావమ్మా అని అడిగారట. ఫిర్యాదు కాగితం తీసుకోవడానికే పదకొండు రోజులు తిప్పారు. ఈలోపు ఇంట్లో తండ్రి ఆమె ఫోన్ తీసి బీరువాలో పెట్టేశాడు. సమావేశంలో ఆ అమ్మాయి ఎక్కువ మాట్లాడలేదు. నా పక్కన కూర్చుని ఒకే మాట అంది: "వాళ్లను జైల్లో వెయ్యాలని కూడా నాకు లేదక్కా. నా ఫోన్ నాకిప్పించండి చాలు."

ఆ మాట విన్న తర్వాత కూడా సంతకం పెట్టలేదంటే నాకు మనసు లేదని కాదు. ఆ తీర్మానంలో మూడు మాటలున్నాయి: కించపరిచే, అసభ్యమైన, అభ్యంతరకరమైన. ఈ మూడింటికీ అర్థం చెప్పేది ఎవరు? ఆ అమ్మాయి చెబుతుందా? లేక, ఫొటో ఎందుకు పెట్టుకున్నావని అడిగిన ఆ స్టేషన్ ఆఫీసరు చెబుతాడా?

ఈ దేశంలో అలాంటి మాటలతో ఒక చట్టం నడిచింది, దాన్ని మనం చూశాం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి 2008 డిసెంబరులో, పెద్దగా చర్చ లేకుండానే, పార్లమెంటు సవరణలు చేసింది. వాటిలో ఒకటి సెక్షన్ 66ఏ. 2009 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. కంప్యూటర్ ద్వారానో ఫోన్ ద్వారానో 'తీవ్ర అభ్యంతరకర'మైన సందేశం పంపినా, అబద్ధమని తెలిసీ ఎదుటివారికి చికాకో, అసౌకర్యమో, అవమానమో కలిగించడానికి పంపినా మూడేళ్ల వరకు జైలు. చికాకు కలిగించడానికి మూడేళ్లు! మన సంఘాలు పుట్టిన దగ్గర నుంచీ చేస్తున్న పని ఎవరికో ఒకరికి చికాకు కలిగించడమే కదా.

ఆ సెక్షన్ ఎవరి మీద పడిందో చూడండి. 2012 నవంబరులో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై అంతా మూతబడింది. ఆ బంద్ ఎందుకని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె స్నేహితురాలు ఆ రాతకు 'లైక్' కొట్టింది. ఇద్దరినీ పోలీసులు అరెస్టు చేశారు. రాసిన అమ్మాయి మామయ్య ఆసుపత్రిని ఒక గుంపు ధ్వంసం చేసింది. దేశమంతా గగ్గోలెత్తాక కేసు ఎత్తేశారు. మరి మన దగ్గరో? 2013 మేలో పౌరహక్కుల ప్రజా సంఘం, పీయూసీఎల్ నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాలను ఇదే 66ఏ కింద అరెస్టు చేసి జైలుకు పంపారు. చీరాల శాసనసభ్యుడి మీద, అప్పటి తమిళనాడు గవర్నరు మీద ఫేస్‌బుక్‌లో ఆరోపణలు రాయడం ఆమె చేసిన నేరం. ఆ అరెస్టు విషయం సుప్రీంకోర్టు దాకా వెళితే, పై అధికారుల అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టులు చెయ్యొద్దని అదే నెలలో కోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

పాల్ఘర్ అరెస్టులు చూసి కోర్టుకెక్కింది కూడా ఒక యువతే. న్యాయశాస్త్ర విద్యార్థిని శ్రేయా సింఘాల్. ఆమె పేరుతోనే నిలిచిపోయిన తీర్పు 2015 మార్చి 24న వచ్చింది. జస్టిస్ రోహింటన్ నారిమన్, మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూర్చున్న ధర్మాసనం 66ఏను పూర్తిగా కొట్టేసింది. ఒకరికి అభ్యంతరం అనిపించినది మరొకరికి అనిపించకపోవచ్చు, హద్దు ఎక్కడుందో తెలియని నేరానికి మనిషిని శిక్షించడం కుదరదు అన్నది అందులో ముఖ్యమైన మాట. ఒక విషయాన్ని చర్చించడం వేరు, దాన్ని గట్టిగా సమర్థించడం వేరు, హింసకు రెచ్చగొట్టడం వేరు. మూడోదాని దగ్గరకు వచ్చినప్పుడే చట్టానికి పని అని కోర్టు గీత గీసింది.

తీర్పు వచ్చిందని సంబరపడ్డాం. తమాషా ఏమిటంటే చచ్చిన సెక్షన్ కింద పోలీసులు కేసులు పెడుతూనే పోయారు. పీయూసీఎల్ మళ్లీ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2021 జులైలో సుప్రీంకోర్టు దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది. 2022 అక్టోబరులో, 66ఏ కింద ఎవరినీ విచారించకూడదని మరోసారి ఆదేశాలిచ్చింది. కొట్టేసిన ఏడేళ్లకు! కాగితం మీద సెక్షన్ పోయినా స్టేషన్లో అలవాటు పోలేదన్నమాట.

ఆ సెక్షన్ పోతే వేరే సెక్షన్లు లేవా? 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో విషవాయువు లీకై జనం చనిపోతే, ప్రభుత్వం మీద ప్రశ్నలు వేస్తూ ఉన్న ఒక పోస్టును పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన ఒకామెకు సీఐడీ నోటీసులిచ్చింది. 2025 మార్చిలో హైదరాబాదులో ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున ఇళ్లకు వెళ్లి పట్టుకుపోయారు. ముఖ్యమంత్రిని ఒక మనిషి తిడుతున్న వీడియో ప్రసారం చేశారట. దానికి వ్యవస్థీకృత నేరం సెక్షన్ కూడా తగిలించారు. ఈ మూడు సందర్భాల్లో ప్రభుత్వాలు వేరు. పద్ధతి మాత్రం ఒకటే.

అయితే ఇవన్నీ రాజకీయ నాయకుల కోపాలు, స్త్రీల రక్షణ కోసం తెచ్చే చట్టం వేరు కదా అని మీరు అడగొచ్చు. సమావేశంలోనూ అడిగారు. అందుకే కేరళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2020 సెప్టెంబరులో అక్కడ ఒకడు యూట్యూబ్‌లో స్త్రీవాదుల మీద నీచమైన వీడియోలు పెట్టాడు. ఫిర్యాదులు చేసినా ఫలితం లేదని ముగ్గురు మహిళలు అతని గదికే వెళ్లి నిలదీశారు, ముఖాన ఇంకు పోశారు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. స్త్రీలకు ఆన్‌లైన్‌లో జరుగుతున్న దాని మీద రాష్ట్రమంతా మాట్లాడింది. ప్రభుత్వం స్పందించింది. ఎలాగంటే, పోలీసు చట్టంలో 118ఏ అనే కొత్త సెక్షన్ పెడుతూ ఆర్డినెన్సు తెచ్చింది. ఏ మాధ్యమంలోనైనా ఎవరినైనా బెదిరించినా, అవమానించినా, పరువు తీసినా మూడేళ్ల వరకు జైలు లేదా పదివేల జరిమానా. అందులో స్త్రీ అన్న మాట ఎక్కడ? సైబర్ అన్న మాట ఎక్కడ? పత్రికకూ వర్తిస్తుంది, పోస్టరుకూ వర్తిస్తుంది, మంత్రిగారి మీద కార్టూనుకూ వర్తిస్తుంది. స్త్రీల బాధ ద్వారం దగ్గర ఆగిపోయింది, లోపలికి వెళ్లింది మాత్రం అధికారం. గవర్నరు సంతకమైన రెండు మూడు రోజులకే, 2020 నవంబరు 23న, అన్ని వైపుల నుంచీ వ్యతిరేకత వచ్చి దాన్ని అమలు చెయ్యబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. 2015 తీర్పు 66ఏతో పాటు కొట్టేసిన మరో సెక్షన్ ఇదే కేరళ పోలీసు చట్టంలోని 118(డి). దాని స్థానంలోకే కొత్తది వచ్చింది.

అదే కేరళలో అదే ఏడాది హక్కుల కార్యకర్త రెహానా ఫాతిమా మీద పెట్టిన కేసు చూడండి. తన పిల్లలు తన ఒంటి పైభాగం మీద రంగులతో బొమ్మ వేస్తున్న వీడియో పెట్టింది. స్త్రీ శరీరాన్ని ఎప్పుడూ ఒకే చూపుతో చూడక్కర్లేదని చెప్పడం ఆమె ఉద్దేశం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కిందా, సమాచార సాంకేతిక చట్టం కిందా కన్నతల్లి మీద కేసు. 2023 జూన్‌లో హైకోర్టు దాన్ని కొట్టేస్తూ, నగ్నత అంతా అశ్లీలం కాదు అంది. మూడేళ్లు పట్టింది. ఆ వీడియో నాకు నచ్చిందా అంటే, పూర్తిగా నచ్చలేదు. కానీ నాకు నచ్చకపోవడం నేరానికి కొలత కాకూడదు కదా.

మన భాషలో ఈ కథ వందేళ్లకు పైబడినది. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించింది. ఆడవాళ్లు వినకూడని, అనకూడని మాటలున్నాయని వీరేశలింగం పంతులుగారు అంతకు ముందే తేల్చి ఉన్నారు. స్త్రీల బాగు కోరిన మనిషే, అందులో సందేహం లేదు. మగ కవులు రాసిన శృంగారం పాఠ్యపుస్తకాల్లో ఉంటే తప్పు లేదా, ఆడది రాస్తేనే తప్పా అని నాగరత్నమ్మ నేరుగా అడిగింది. 1911లో బ్రిటిషు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం వచ్చాక గాని ఆ నిషేధం తొలగలేదు. 'అశ్లీలం' అనే మాట చేతిలో ఉన్న చట్టం ఒక స్త్రీ రాసిన పుస్తకాన్నీ, ఇంకో స్త్రీ వేసిన అచ్చునూ మూడున్నర దశాబ్దాల పాటు తొక్కి పెట్టింది.

అమెరికాలోనూ ఇంటర్నెట్ కొత్తగా వచ్చినప్పుడు ఇదే జరిగింది. పిల్లలను కాపాడాలని 1996లో తెచ్చిన చట్టం, మైనర్లకు కనపడేలా 'అసభ్యమైన' విషయం పెడితే రెండేళ్ల జైలు అంది. కోర్టుకు వెళ్లిన వాళ్లలో గర్భనిరోధం, అబార్షన్ గురించి స్త్రీలకు సమాచారం ఇచ్చే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్, ఎయిడ్స్ మీద పనిచేసే బృందాలు ఉన్నాయి. అసభ్యమంటే ముందు వాళ్ల కరపత్రాలే పట్టుబడతాయని వాళ్లకు తెలుసు. 1997 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. గర్భసంచి గురించి, నెలసరి గురించి, ఇంట్లో బలవంతపు సంభోగం గురించి మన కార్యకర్తలు గ్రామాల్లో చూపించే వీడియోలను ఎవరైనా 'అసభ్యం' అంటే ఏం చేస్తారో మీరే ఆలోచించండి. నాకు తెలిసిన ఒక బృందాన్ని ఇప్పటికే ఊరి పెద్దలు ఆ మాటతోనే ఆపారు. చట్టం ఇంకా వాళ్ల చేతికి రాలేదు, అంతే తేడా.

ఇంకొకరిని తప్పుపట్టేముందు నా సంగతి కూడా చెప్పుకోవాలి. తారు డబ్బా, బ్రష్షూ పట్టుకుని సినిమా పోస్టర్లు నల్లగా పూసినవాళ్లలో నేనూ ఉన్నాను. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం 1986లో వచ్చినప్పుడు స్వీట్లు పంచుకున్నాం. తర్వాత ఎప్పుడో తీరిగ్గా నిర్వచనం చదివితే, స్త్రీని హీనంగా చూపడంతో పాటు ప్రజల నైతికతను చెడగొట్టడం కూడా అందులో కలిపి కనిపించింది. ఆ బొమ్మలోని స్త్రీ ఇష్టపడిందా లేదా అన్న ప్రశ్న మాత్రం లేదు. మేం అడిగింది గౌరవం, వాళ్లు ఇచ్చింది నైతికత. పోస్టర్లకు తారు పూసినందుకు నేను సిగ్గుపడను. అది నా నిరసన, నా మాట. ఆ తారు డబ్బాను ప్రభుత్వం చేతికివ్వడం దగ్గరే నా తప్పు.

ముప్పై ఏళ్లుగా నాతో పనిచేస్తున్న మిత్రురాలు సమావేశం అయ్యాక బస్టాండు దాకా నాతో నడిచింది. "నీకు చదువుకున్నవాళ్ల స్వేచ్ఛ కనబడుతోంది. నాకు పల్లెల్లో పిల్లలు కనబడుతున్నారు. ఇలాంటి బొమ్మలు తిరిగాక ఉరేసుకున్న పిల్లల ఇళ్లకు వెళ్లినదాన్ని నేను. చట్టం దుర్వినియోగం అవుతుందని చట్టమే వద్దంటామా? 498ఏ దుర్వినియోగమని మగవాళ్లంటే మనం ఒప్పుకున్నామా?" అని అడిగింది. గట్టి ప్రశ్న. బస్సులో దారంతా అదే ఆలోచించాను.

నాకు తోచిన తేడా ఇది. 498ఏ ఒక పనిని నేరం అంది, భార్యను హింసించడం. 66ఏ ఒక ఫలితాన్ని నేరం అంది, ఎవరికో చికాకు కలగడం. హింస జరిగిందా లేదా అన్నదానికి సాక్ష్యం ఉంటుంది. చికాకుకు సాక్ష్యం చికాకు పడ్డవాడే, అతనికి పలుకుబడి ఎంత ఉంటే నేరం అంత పెద్దదవుతుంది. ఆ అమ్మాయికి జరిగింది ఒక పని. అనుమతి లేకుండా బొమ్మ తయారుచేశారు, పంచారు, నంబరు పెట్టి మనుషులను ఉసిగొల్పారు. ఇది 'రాత' కాదు, దాడి. దీనికి చట్టం లేదా? ఉంది. 66ఈ ఉంది. లైంగిక చర్యలు చూపే బొమ్మలకు 67ఏ ఉంది. 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన దొంగచాటు చిత్రణ, వెంటపడి వేధించడం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77, 78 సెక్షన్లయ్యాయి. అదే 2013 సవరణ, స్త్రీల మీద జరిగే కొన్ని నేరాల్లో ఎఫ్ఐఆర్ రాయని పోలీసు అధికారిని కూడా నేరస్తుడిని చేసింది. మాటతో, సైగతో స్త్రీ మర్యాదకు భంగం కలిగించే 509 ఆ జాబితాలో ఉంది. పదకొండు రోజులు తిప్పిన ఆఫీసరుకు ఈ సంగతి ఎవరైనా గుర్తుచేశారా? మనమూ చెయ్యలేదు.

2004లో, అంటే 66ఏ పుట్టకముందే, తమిళనాడులో విడాకులు తీసుకున్న ఒకామె పేరుతో యాహూ గ్రూపుల్లో ఫోన్ నంబరుతో సహా అసభ్య సందేశాలు పెట్టాడొకడు. అచ్చం మన అమ్మాయికి జరిగినట్టే ఆమెకూ ఫోన్లు. ఫిబ్రవరిలో ఫిర్యాదు, నవంబరులో శిక్ష. ఏడాది కూడా పట్టలేదు. పోలీసులు పట్టించుకున్నారు కాబట్టి ఉన్న చట్టమే సరిపోయింది. 2021 జులైలో ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వేలం వేసే ఆప్ ఒకటి వచ్చింది. ఫిర్యాదులు వెళ్లాయి. నెలలు గడిచాయి. 2022 జనవరి 1న అలాంటిదే రెండోది వచ్చి దేశం నివ్వెరపోయాక గాని మొదటిదాని వెనక ఉన్నవాడి అరెస్టు జరగలేదు. ఆ ఆరు నెలలూ కొరవడింది చట్టం కాదు. ఇక మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో, నాయకుల ఇళ్లలో ఆడవాళ్ల మీద పెట్టిన పోస్టులకు వరసబెట్టి కేసులు పెట్టి, ఊళ్లు దాటి వెళ్లి మనుషులను పట్టుకొచ్చారు. ఆ పోస్టులు చాలావరకు నీచమైనవే, నేను సమర్థించను. కానీ ఆ వేగం మండలంలో పనిచేసే అమ్మాయికి ఎందుకు దొరకదు?

ఇంటర్నెట్ కంపెనీలకు 2021లో పెట్టిన నియమాల్లో ఒక మంచి సంగతి ఉంది. నగ్నంగా చూపిన, లేదా మార్ఫింగ్ చేసిన బొమ్మ గురించి బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో దాన్ని తీసెయ్యాలన్నారు. ఇది కావాలి, ఇంకా త్వరగా జరగాలి. అదే నియమాల్లో ఇంకొకటి దూర్చారు. వాట్సాప్ లాంటి చోట ఒక సందేశాన్ని మొదట పంపింది ఎవరో ప్రభుత్వం అడిగితే చెప్పాలి. దేశ భద్రతతో పాటు అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాలు కారణాలుగా రాశారు. మళ్లీ మన పేరే. భర్త నుంచి పారిపోయి వచ్చిన మనిషి ఎక్కడుందో మనం చెప్పుకునేదీ, పెళ్లి ఆపమని పిల్ల రహస్యంగా పంపేదీ ఆ ఫోన్లోనే. ఆ తాళం ఒకరి కోసం తెరిస్తే అందరికీ తెరుచుకుంటుంది.

అందుకని తీర్మానం వద్దనడం లేదు, మార్చి రాద్దామంటున్నాను. ఆ మూడు మాటలూ తీసేద్దాం. అనుమతి లేకుండా బొమ్మ తయారుచెయ్యడం, పంచడం, నంబరూ చిరునామా బయటపెట్టడం, చంపుతామని చెరుస్తామని బెదిరించడం అని పనుల పేర్లే రాద్దాం. ఫిర్యాదు తీసుకోని ఆఫీసరు మీద చర్య అడుగుదాం. ప్రతి జిల్లాలో సైబర్ విభాగంలో ఆడపోలీసులుండాలని, బొమ్మ తీయించే పని ఎఫ్ఐఆర్ కోసం ఆగకూడదని రాద్దాం. సైట్లను మూసే ఉత్తర్వులు 2009 నాటి నియమాల ప్రకారం రహస్యంగా ఉంటున్నాయి, కారణం బయటికి చెప్పాలని కూడా ఒక వాక్యం చేర్చాలని నా కోరిక. దీని మీద నా మిత్రురాలికి ఇంకా అభ్యంతరముంది. తీర్మానం బరువెక్కిపోతుందంటోంది. ఆమె చెప్పేదీ వినాల్సిందే.

మార్చిన ముసాయిదాను సంతకాలు చేసిన 17 సంఘాలకూ పంపాను. వచ్చే సమావేశం లోపు మీ సవరణలు రాయండి. మీ ప్రాంతంలో స్టేషన్లు ఇలాంటి ఫిర్యాదు తీసుకోవడానికి ఎన్ని రోజులు తిప్పుతున్నాయో తేదీలతో సహా రాయండి. పేర్లు వద్దు.

ఆ అమ్మాయికి తండ్రి ఫోన్ తిరిగిచ్చాడు, కొత్త సిమ్ వేసి. పాత నంబరు ఆ మండలంలో పదమూడు ఊళ్ల ఆడవాళ్లకు నోటికొచ్చిన నంబరు. పెళ్లి ఆపమని ఆ పిల్ల ఫోన్ చేసింది కూడా దానికే. ఇప్పుడు దానికి చేస్తే స్విచ్చాఫ్ అని వస్తోంది.